పెద్దకోడలి భాష

ఒకే ఇంటి తోడికోడళ్ళు ఒకే ఆఫీసులో, ఒకే గదిలో, కుర్చీలు తగిలేంత దగ్గరగా కూర్చుని పనిచేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకుంటారా? పేర్లు పెట్టేశారు. హాజరుపట్టీలో వాళ్ళ పేర్లు ఏమైనా కానీ, క్యాంటీన్ నుంచి మీటింగు హాలు దాకా పెద్దావిడ పెద్దకోడలు, చిన్నావిడ చిన్నకోడలు. పెద్దకోడలికి మొదట్లో ఒళ్ళు మండేది. ఇంట్లో ఎలాగూ తప్పదు, ఇక్కడ కూడానా అని విసుక్కునేది. చిన్నకోడలు మాత్రం ఎవరలా పిలిచినా నవ్వుతూ పలికేది. ఉడుక్కోనివాళ్ళని ఏడిపించడంలో సరదా ఏముంటుంది? కొన్నాళ్ళకి అందులో ఎగతాళి పోయి, ఉత్త పిలుపు మిగిలింది.

ఆ కంపెనీ డయాలసిస్ మిషన్లు తయారుచేస్తుంది. కిడ్నీలు చెడిపోయినవాళ్ళ రక్తాన్ని బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి పంపే మిషన్లు. స్విచ్ వెయ్యగానే వాటిలో ఆపరేటింగ్ సిస్టమ్ లేచి కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. దానికంటే ముందు బూట్‌లోడర్ అనే బుల్లి ప్రోగ్రాం ఒకటి లేస్తుంది. అది వాల్వులన్నీ ఒకసారి తిప్పి చూసి, గొట్టాలు కడిగి, అంతా సవ్యంగా ఉందనుకుంటే అప్పుడు ఆ పెద్దదాన్ని లేపుతుంది. అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించి తర్వాత ఇంట్లోవాళ్ళని లేపే మనిషిలాంటిదని పెద్దకోడలు కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది. ఆ మనిషి గురించి ఎవరూ మాట్లాడుకోరు కదా, దీని గురించీ అంతేనని చివర్న కలిపేది.

చిక్కేమిటంటే, ఒక్కో ఆసుపత్రిలో నీళ్ళు ఒక్కో రకం. ఒకచోట ఒక ఫిల్టరు చాలు, ఇంకోచోట రెండుండాలి, మరోచోట నీళ్ళ ఒత్తిడే ఉండదు. ఆసుపత్రికొక బూట్‌లోడర్ రాస్తూ కూర్చుంటే కంపెనీ తలుపులు మూసుకోవాల్సిందే. అందుకని పెద్దకోడలు, ఇంకా చిన్న వయసులో ఉన్నప్పుడు, బూట్‌లోడర్ కడుపులోనే ఒక చిన్న భాషని పెట్టింది. ఆసుపత్రి ఇంజినీరు ఆ భాషలో నాలుగు ముక్కలు రాసి మిషన్‌లో వేస్తే చాలు, బూట్‌లోడర్ చదువుకుని ఆ ప్రకారం చేస్తుంది. అందులో వస్తువు ముందు, పని తర్వాత. ఫలానా వాల్వు అని ముందు రాసి, మూయి అని తర్వాత రాయాలి. ఆ దశలో మిషన్ ఇచ్చే జాగా పిడికెడు. ఆ పిడికెడులోనే భాషంతా ఇమడాలి, మాటలు ఇమడాలి, పని జరగాలి. ఎలా ఇమిడ్చిందో ఆవిడకే తెలియాలి. ఆ కంపెనీ మిషన్ ఏ ఆసుపత్రిలో స్విచ్ వేసినా మొదట మాట్లాడేది తన భాషేనని పెద్దకోడలు పైకి ఎప్పుడూ అనలేదు గానీ, లోపల మాత్రం ఆ సంగతి రోజుకొకసారైనా తలుచుకునేది.

ఆ సోమవారం మేనేజరు ఆవిడని తన గదిలోకి పిలిచి, కూర్చోమని, టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే మింగుడుపడని మాటేదో రాబోతోందని ఆఫీసులో అందరికీ తెలుసు. ముందు ఆవిడ పిల్లల చదువు గురించి అడిగాడు. తర్వాత అత్తగారి మోకాళ్ళ గురించి అడిగాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, చిన్నకోడలి పని పూర్తయిందని చెప్పాడు.

ఆ పని సంగతి పెద్దకోడలికి తెలియంది కాదు. పెద్దకోడలి భాష బయట ఎవరికీ రాదు. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేసరికి తల ప్రాణం తోకకొస్తోంది, ఆసుపత్రులవాళ్ళు సణుగుతున్నారు. ఆటల ప్రోగ్రాముల్లోనూ రకరకాల పరికరాల్లోనూ వాడే పేరున్న చిన్న భాష ఒకటుంది. కుర్రకారుకి అది కొట్టినపిండి. దాన్నే తెచ్చి బూట్‌లోడర్‌లో పెడితే సరిపోతుందని కిందటేడాది అనుకున్నారు. ఆ పని కాంట్రాక్టు మీద చిన్నకోడలికి ఇచ్చారు. ఇచ్చింది కంపెనీయే అయినా, ఫలానా అమ్మాయి చురుకైనదని మేనేజరు చెవిన వేసింది పెద్దకోడలే. జాగా ఎక్కడ ఎంత మిగిలి ఉంటుంది, ఏ చిప్పు ముందు లేస్తుంది, ఏది ఆలస్యంగా లేస్తుంది, ఇవన్నీ ఇంట్లో భోజనాల బల్ల మీద కాగితం పరిచి విప్పి చెప్పిందీ ఆవిడే. తన చేత్తో తనే నూరిపోసిందన్నమాట.

గురువారం మీటింగని మేనేజరు చెప్పాడు. ఈలోగా చిన్నకోడలు రాసినదంతా పెద్దకోడలు చదివి తప్పొప్పులు చెప్పాలి, ఎందుకంటే బూట్‌లోడర్ మూలమూలలూ తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. ఆవిడ బాగుందంటే చిన్నకోడలి ఉద్యోగం ఖాయమవుతుంది. వచ్చే నెల నుంచి మిషన్లన్నీ కొత్త భాషతోనే వెళతాయి. మరి ఆ తర్వాత తన పనేమిటని ఆవిడ అడగకముందే ఆయన చెప్పేశాడు. కింద అంతస్తులో, మిషన్లతో పాటు ఇచ్చే పుస్తకాలు తయారుచేసే గది ఉంది. అంత అనుభవం ఉన్న మనిషి అక్కడుంటే పుస్తకాలు ఎంత బాగా వస్తాయో చూడమన్నాడు.

“నా భాషని ఏం చేస్తారు?” అంది పెద్దకోడలు.

“అద్దాల బీరువాలో పెట్టి దండేస్తాం,” అని ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వకపోయేసరికి తనే సర్దుకుని, అది మామూలు భాషా, ఇన్నేళ్ళు కంపెనీని నిలబెట్టిందని పొగిడాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదే ఆవిడని ఎక్కువ మండించింది. కింద గదిలో కిటికీ లేదు, ప్రింటర్లున్నాయి. ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పైకి రావడం ఆవిడ చూడలేదు. టీ చల్లారిపోయినా వదలకుండా మొత్తం తాగి, కప్పు బల్ల మీద పెట్టి లేచి వచ్చింది.

మంగళవారం పొద్దున్నించీ పెద్దకోడలు ఆ పని చదువుతూ కూర్చుంది. వెనక కుర్చీలో చిన్నకోడలు ఏదో టైపు చేసుకుంటోంది, మధ్యలో కాళ్ళతో నేల తన్ని కుర్చీ అటూ ఇటూ తిప్పుతోంది. ఎన్నిసార్లు చెప్పినా ఆ అలవాటు పోలేదు. పెద్దకోడలు చదువుతూ చదువుతూ ఒక సంగతి గమనించింది. తను తప్పు ఉండకూడదని చదవడం లేదు, ఉండాలని చదువుతోంది. ఒక్కో పేజీ తప్పు లేకుండా దాటుతుంటే ఉసూరుమంటోంది. పిల్ల శుభ్రంగా రాసింది. పేర్లు శుభ్రంగా పెట్టింది, చోటు పొదుపుగా వాడింది. తను భోజనాల బల్ల మీద చెప్పినవన్నీ అక్కడక్కడా కనిపిస్తున్నాయి. ఎక్కడ కనిపించినా అక్కడ, పక్కనే చిన్న అక్షరాల్లో ‘అక్క చెప్పింది’ అని రాసి ఉంది.

భోజనాల వేళకి కాస్త ముందు ఆవిడ కళ్ళు ఒక వరస దగ్గర ఆగిపోయాయి. మళ్ళీ చదివింది. కుర్చీ ముందుకి లాక్కుని ఇంకోసారి చదివింది.

పాత భాషలో వాల్వుల్ని వరసగా రాస్తే వరసగానే నడుస్తాయి. కొత్త భాషలో వాల్వులన్నీ పేర్లతో ఒక పట్టికలో ఉంటాయి. పేరు చెప్పి అడిగితే ఆ వాల్వుని పట్టుకొచ్చి ఇస్తుంది, అందులో తిరుగు లేదు. అన్నిటినీ ఒకటొకటిగా ఇమ్మంటే మాత్రం ఏది ముందిస్తుందో, ఏది వెనకిస్తుందో దాని ఇష్టం. మామూలు కంప్యూటర్లో అయితే గడియారంలోని టైమ్ కూడా కలుపుకుని అది ఆ వరసని ప్రతిసారీ మార్చేస్తుంది. రెండుసార్లు నడిపితే చాలు, వరసని నమ్మకూడదని ఎవరికైనా తెలిసిపోతుంది. కానీ బూట్‌లోడర్ లేచే వేళకి మిషన్‌లో గడియారం ఇంకా మొదలే కాదు. కలుపుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని ఎన్నిసార్లు నడిపినా అదే వరస వస్తుంది. పాపం, చిన్నకోడలు దాన్ని నమ్మేసింది. పరీక్షించే బెంచి మీద ఎన్నిసార్లు నడిపి చూసినా తప్పు బయటపడదు, ఎవరో ఆసుపత్రిలో ఇంకో వాల్వు పేరు పట్టికలో చేర్చేదాకా. పేరొకటి పెరిగితే మొత్తం వరస తిరగబడవచ్చు.

మిషన్‌లో వరసే ప్రాణం. గొట్టాలు కడిగే క్రిమిసంహారక మందు వాల్వు ముందు మూసుకోవాలి, ఆ తర్వాతే నీళ్ళ వాల్వు తెరుచుకోవాలి. తిరగబడితే ఆ మందు నీళ్ళతో పాటు రోగి గొట్టం వైపు వస్తుంది. తర్వాత జరిగే పరీక్షలో పట్టుబడితే పట్టుబడుతుంది. పట్టుబడకపోతే ఏమవుతుందో తలుచుకోవడానికే భయమేస్తుంది.

అందరూ భోజనాలకి వెళ్ళాక పెద్దకోడలు బెంచి గదిలోకి వెళ్ళింది. అక్కడ పైడొప్పలు ఊడదీసిన మిషన్ ఒకటి బల్ల మీద ఉంటుంది. వాల్వులన్నీ పలకకి బిగించి, వాటికి లోపల నీళ్ళు కనిపించే గొట్టాలు తగిలించి, మందుకి బదులు రంగునీళ్ళు పోసి ఉంటాయి. ఫిట్టరు కూడా క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆవిడ కీబోర్డు దగ్గర కూర్చుని ముందు ఉన్నది ఉన్నట్టు నడిపింది. మందు వాల్వుది మొద్దు చప్పుడు, నీళ్ళ వాల్వుది సన్నచప్పుడు, ఆవిడ చెవులకి వేరే చెప్పక్కర్లేదు. మొద్దుగా ఒకటి, సన్నగా ఒకటి వినిపించాయి. సవ్యంగానే ఉంది. తర్వాత పట్టికలో రెండో ఫిల్టరు పేరు చేర్చి మళ్ళీ నడిపింది. ముందు సన్నచప్పుడు వచ్చింది.

నమ్మకం కలక్క పేరు తీసేసి నడిపింది, మళ్ళీ చేర్చి నడిపింది. సన్నచప్పుడే ముందు. గొట్టంలో రంగునీళ్ళు రాకూడని వైపు జరజరా పాకాయి.

పెద్దకోడలికి ముందు కలిగింది సంతోషం. ఆ మాట ఒప్పుకోవాలి. గుండె తేలికైపోయి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది. కింద గది లేదు, ప్రింటర్లు లేవు, అద్దాల బీరువా లేదు. ఆ సంతోషం ఎంత పెద్దదంటే, దాన్ని చూసి ఆవిడే కాసేపటికి జడుసుకుంది. పేరు తీసేసి, మిషన్ కట్టేసి, గొట్టంలో నీళ్ళు వంపేసి, చేతులు కడుక్కుని క్యాంటీన్‌కి వెళ్ళింది. చిన్నకోడలు ఆవిడ కోసం కుర్చీ మీద బ్యాగు పెట్టి చోటు ఆపి ఉంచింది. ఇంతసేపేమిటక్కా, కూర చల్లారిపోయిందంది. పెద్దకోడలు ఏదో ఫోనొచ్చిందని చెప్పి కూర్చుంది.

అప్పుడే చెప్పేసి ఉండవచ్చు. మళ్ళీ సాయంత్రం బస్సులో చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇప్పుడు చెప్తే ఏమవుతుంది? చిన్నకోడలు గంటలో సరిచేసేస్తుంది. గురువారం మేనేజరు చప్పట్లు కొడతాడు, తను మెట్లు దిగి కిందికి వెళ్తుంది. అదే గురువారం నాడు అందరి ముందూ ఫిట్టరుని పిలిచి, ఇంకో వాల్వు చేర్చి నడపమంటే? ఆ సన్నచప్పుడు గదిలో ఉన్నవాళ్ళందరూ వింటారు. పెద్దకోడలి భాషలో ఇలాంటిది ఎన్నడైనా జరిగిందా అని ఒకరైనా అనకపోరు. మిషన్లేవీ ఇంకా బయటికి వెళ్ళలేదు కదా, ఎవరికీ హాని లేదు కదా, మీటింగులో చెప్పడమూ చెప్పడమే కదా అని ఆవిడ తనకి తనే నచ్చజెప్పుకుంది. ఆ రాత్రి మామూలుగానే నిద్రపట్టింది. అలా పట్టినందుకు పొద్దున లేచాక కాస్త ఆశ్చర్యమేసింది.

బుధవారం సాయంత్రం ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. పెద్దకోడలు పొయ్యి దగ్గర, చిన్నకోడలు కింద కూర్చుని కూర తరుగుతూ. ఆ ఇంట్లో వంట ఇద్దరి వంతూను. మగవాళ్ళిద్దరూ ముందు గదిలో అత్తగారికి మందులు ఏ పూటకావి విడదీసే మిషతో టీవీ చూస్తున్నారు. అంతసేపూ కబుర్లు చెప్పే చిన్నకోడలు ఆవేళ మాట్లాడలేదు. ఆఫీసులో కూడా పొద్దున్నించీ ముభావంగానే ఉంది, కుర్చీ తిప్పలేదు. మీటింగు బెంగ అనుకుంది పెద్దకోడలు.

తరగడం అయ్యాక పళ్ళెం తెచ్చి గట్టు మీద పెట్టి, చిన్నకోడలు అక్కడే నిలబడింది.

“చదివావా అక్కా, నేను రాసింది?”

“చదివాను.”

“ఎలా ఉంది?”

“బాగానే ఉంది.”

“ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. మొహమాటపడకు. నీకంటే నాకు చెప్పేవాళ్ళెవరున్నారు?”

పెద్దకోడలు గరిటె పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. చిన్నకోడలి ముఖంలో ఏదో ఉంది. అది బెంగలాగే ఉంది గానీ బెంగ కాదు. ఇలా అడుగుతుంటే కాదనడం కష్టమే, చెప్పేద్దామనే అనుకుంది. ప్రింటర్ల గది గుర్తొచ్చింది.

“చెప్పడానికేం లేదు. శుభ్రంగా రాశావు,” అంది, ఆ పిల్ల కళ్ళలోకే చూస్తూ.

చిన్నకోడలు సరేనని తలూపింది. చేతులు కొంగుకి తుడుచుకుని, ఆఫీసు పని కొంచెం మిగిలిందని తన గదిలోకి వెళ్ళిపోయింది. ముందు గదిలోంచి అత్తగారు, మీ ఇద్దరి ఆఫీసు మాటలు వింటుంటే మెచ్చుకుంటున్నారో తిట్టుకుంటున్నారో ఈ జన్మకి నాకు అర్థం కాదర్రా అంది. అందరూ నవ్వారు. పెద్దకోడలు కూర పొయ్యి మీద వేసింది.

గురువారం మీటింగు బెంచి గదిలోనే పెట్టారు. మేనేజరు, ఆయన పైన ఉండే డైరెక్టరు, ఆసుపత్రుల తరఫు చూసే నలుగురైదుగురు గోడవారగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఫిట్టరు కొత్త చొక్కా వేసుకుని మిషన్ పక్కన నిలబడ్డాడు. చిన్నకోడలు అన్నీ విడమరిచి చెప్పింది. గొంతు వణకలేదు. రెండుసార్లు మిషన్ నడిపి చూపించింది, వాల్వులు చెప్పిన మాట విన్నాయి. డైరెక్టరు తల పంకించాడు. మేనేజరు పెద్దకోడలి వైపు తిరిగి, చదివింది ఆవిడ కాబట్టి ఆవిడ మాట కూడా విందామన్నాడు.

పెద్దకోడలు లేచి నిలబడింది. ముందుగా అనుకున్నట్టే, పెద్ద ఆసుపత్రుల్లో ఫిల్టర్లు రెండుంటాయి కదా, రెండో ఫిల్టరు పేరు కూడా చేర్చి నడపమని ఫిట్టరుతో చెప్పింది. మామూలుగా అడిగినట్టే అడిగింది. ఫిట్టరు చేర్చాడు. గదంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ మిషన్ వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ చెవులు రిక్కించింది.

మొద్దుచప్పుడు వినిపించింది. ఆ తర్వాత సన్నచప్పుడు.

ఆవిడకి అర్థం కాలేదు. ఇంకోసారి నడపమంది. మళ్ళీ మొద్దుదే ముందు. గొట్టంలో రంగునీళ్ళు పోవలసిన దారినే పోయాయి. పెద్దకోడలు చిన్నకోడలి వైపు తిరిగింది. ఆ పిల్ల ఆవిడ వైపు చూడలేదు, డైరెక్టరు వైపు చూస్తోంది.

“ఇప్పుడు అక్క అడిగింది చాలా ముఖ్యమైన సంగతండీ,” అంది చిన్నకోడలు. “మొన్నటిదాకా ఇక్కడొక తప్పుంది. ఇంకో వాల్వు చేరిస్తే వరస తిరగబడేది. నాకు కనిపించలేదు. మంగళవారం ఇదే బెంచి మీద నడిపి అక్క కనిపెట్టింది. దాన్నిబట్టే సరిచేశాను. ఇప్పుడు వాల్వులకి పేర్లతో పాటు వరస అంకెలు కూడా ఉంటాయి, ఎన్ని చేర్చినా తిరగబడవు.”

పెద్దకోడలికి తల తీసేసినట్టయింది. తప్పు వల్ల ఏం జరిగేదని డైరెక్టరు అడిగాడు. చిన్నకోడలు ఏమీ దాచకుండా చెప్పింది. గోడవారన ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరు పెద్దకోడలి వైపు తిరిగి, చిన్నవాళ్ళ పనిని ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

“లేదండీ,” అంది పెద్దకోడలు. మళ్ళీ అంది. “నేను తనకి చెప్పలేదు. తనే చూసుకుని సరిచేసుకుంది. నేను చెప్పలేదు.”

మేనేజరు పెద్దగా నవ్వాడు. “చూశారా? పేరొస్తుంటే తీసుకోవడం కూడా రాదు ఈవిడకి. ఇన్నేళ్ళుగా ఇంతే.”

అందరూ నవ్వారు, ఇష్టంగానే. ఆవిడ ఇంకేదో అనబోయింది గానీ ఆ నవ్వుల్లో ఎవరికీ వినిపించలేదు. తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. చిన్నకోడలి ఉద్యోగం ఖాయమన్నారు. కొత్త భాషలో రాసే ప్రతి వరసా బయటికి వెళ్ళేముందు పెద్దకోడలు చూసి తీరాలన్నారు. కింద గది మాట తను మర్చిపోయానని, ఆవిడ కూడా మర్చిపోవాలని మేనేజరు ఆవిడ పక్కకొచ్చి మెల్లగా చెప్పాడు. ఆవిడ కుర్చీ ఆవిడకే ఉండిపోయింది. సోమవారం నుంచీ అదే కోరుకుంది మరి. ఫిట్టరు వచ్చి, మీ చెవి అసాధ్యమండీ, నేను రోజూ ఇక్కడే ఉండి కూడా పట్టలేకపోయానన్నాడు.

సాయంత్రం రోజూలాగే ఇద్దరూ ఒకే బస్సెక్కారు. రోజూలాగే చిన్నకోడలు కిటికీ పక్కన, పెద్దకోడలు ఇవతల. బస్సు రెండు మలుపులు తిరిగింది. టిక్కెట్లు పెద్దకోడలు తీసింది.

“నేను నిజమే చెప్పాను అక్కడ,” అంది పెద్దకోడలు చివరికి. “ఎవరూ వినలేదు.”

“నేను విన్నాను,” అంది చిన్నకోడలు.

కిటికీలోంచి బయటికి చూస్తూనే మిగతాది చెప్పింది. బుధవారం పొద్దున బెంచి దగ్గర కూర్చుని, ఎప్పుడూ చేసేలాగే, కిందటిసారి టైపు చేసింది మళ్ళీ రావడానికి పైబాణం మీట నొక్కిందట. తను టైపు చెయ్యని వరసలు వచ్చాయట. రెండో ఫిల్టరు చేర్చడం, తీసెయ్యడం, మళ్ళీ చేర్చడం. వాటినే నడిపి చూస్తే సంగతి తెలిసింది. పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. తన భాషలో జాగా లేక ఏదీ గుర్తుపెట్టుకునే ఏర్పాటు చెయ్యలేదు. అందులో ఏం టైపు చేసినా అక్కడికక్కడే మాయమవుతుంది. కొత్తదానికి గుర్తుంటుందన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

“ఫిట్టరేమో అనుకున్నా ముందు,” అంది చిన్నకోడలు. “పేర్లన్నీ అంత పొట్టిగా టైపు చేసేది నువ్వొక్కదానివే. పోన్లే, సాయంత్రం చెప్తుందిలే అనుకున్నా. బస్సులో చెప్తావనుకున్నా. చెప్పకపోతే నేనే అడిగాను వంటింట్లో. నా మొహంలోకి చూసి బాగానే ఉందన్నావు.”

పెద్దకోడలికి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. బస్సులో అందరూ తననే చూస్తున్నారనిపించింది.

“మరి అందరి ముందూ అలా ఎందుకు చెప్పావు?”

“నిన్ను కాపాడదామని కాదు.” చిన్నకోడలు మొదటిసారి ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. “దాచిందని చెప్తే ఏమంటారో నీకు తెలీదా? తోడికోడళ్ళు కదా, ఇంకేం చేస్తారు అంటారు. మిషన్ గురించి ఒక్కరూ మాట్లాడరు. నీ పనీ పోతుంది, నా పనీ పోతుంది, ఆ మాటొక్కటే మిగుల్తుంది. అందుకని చెప్పాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పను. కానీ నాకు చాలా కోపంగా ఉంది అక్కా. ఎప్పుడు పోతుందో నాకే తెలీదు.”

పెద్దకోడలు సరేనంది. మీటింగులో చెప్పేదాన్నేనని అనబోయి, ఎందుకు అక్కడే చెప్పాలనుకుందో గుర్తొచ్చి ఊరుకుంది. ముందు సీట్లో ఎవరో పిల్లని జోకొడుతున్నారు. బస్సు ఆగింది, కొందరు దిగారు, కొందరు ఎక్కారు. ఇంకో స్టాపు దాటితే వాళ్ళ స్టాపే.

“ఇంకొకటుంది,” అంది పెద్దకోడలు.

“ఏమిటి?”

“నీ దాంట్లోనే. ఇంకో తప్పుంది.”

“ఎప్పుడు చూశావు?”

“ఆవేళే. మంగళవారం.”

ఇప్పుడు అరుస్తుందేమో, మొహం తిప్పుకుంటుందేమో అనుకుంది పెద్దకోడలు. తిప్పుకున్నా అనడానికేం లేదు. చిన్నకోడలు మాత్రం బ్యాగు ఒళ్ళోకి లాక్కుని, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, చెప్పమన్నట్టు కూర్చుంది.

పెద్దకోడలు మొదలుపెట్టింది. కొత్త భాష జాగా ఖాళీ చేసుకోవడానికి తను వాడి పారేసిన సామానుని మధ్యమధ్యలో ఆగి ఊడ్చుకుంటుంది కదా, నాలుగు ముక్కలు రాసినప్పుడు ఆ ఊడ్చే పని రాదు, అందుకే ఇవాళ కనిపించలేదు. పెద్ద ఆసుపత్రి వాళ్ళు పొడుగ్గా రాస్తే సరిగ్గా వాల్వు తెరిచి ఉన్నప్పుడే ఆగి ఊడ్చుకోవచ్చు, ఊడ్చినంతసేపూ వాల్వు తెరిచే ఉంటుంది. మాటలు ముందు తడబడ్డాయి, తర్వాత చక్కగా వచ్చాయి. చిన్నకోడలు కనుబొమలు ముడిచి వింటోంది. మధ్యలో ఒకచోట, అయితే వాల్వులు తిప్పేటప్పుడు ఊడ్చొద్దని ముందే చెప్పెయ్యాలా అని అడిగింది. చెప్తే చాలదు, జాగా నిండిపోతే ఏం చెయ్యాలో కూడా చూసుకోవాలని పెద్దకోడలు అంది.

కండక్టరు వాళ్ళ స్టాపు పేరు అరిచాడు. పెద్దకోడలు లేవబోయింది. చిన్నకోడలు లేవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది, మెత్తగా ఏం కాదు, గట్టిగానే.

“కూర్చో,” అంది. “ముందు అది మొత్తం చెప్పు.”

తలుపు మూసుకుని బస్సు కదిలింది. పెద్దకోడలు కూర్చుని, మిగతాది చెప్పసాగింది.